లంగా బొందు గుర్తును కూడా గీయండి

ప్రశ్న: నా వయసు 43. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. చిన్నప్పుడు బాగా బొమ్మలు వేసేదాన్ని, పెళ్ళయ్యాక మానేశాను. రెండేళ్ళ నుంచి ఆదివారాలు ఒక స్టూడియోకు వెళ్ళి చార్‌కోల్, అంటే బొగ్గుతో బొమ్మలు గీయడం, నేర్చుకుంటున్నాను. ఆరు నెలలుగా అక్కడ లైఫ్ డ్రాయింగ్ పెట్టారు. నలభై దాటిన ఒకావిడ మోడల్‌గా వస్తారు. నగ్నంగా కూర్చుంటారు, మేం ఏడెనిమిది మందిమి గీస్తాం. ఆ బొమ్మల్ని ఇంట్లో బీరువా వెనక పెట్టాను. మొన్న ఇల్లు దులుపుతుంటే మా అత్తగారు చూశారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా వారు కోప్పడలేదు గానీ ‘చెట్లూ కొండలూ వేసుకోవచ్చుగా’ అన్నారు. పదో తరగతి చదివే బాబు ఉన్నాడు. నేను చేస్తున్నది తప్పా? మానేయాలా? మరో చిన్న మాట. మా మాస్టారు నా బొమ్మలు చూసి ‘మీరు గీసిన మనిషి ఈ గదిలో లేదండీ’ అంటున్నారు. నేను చూసిందే గీస్తున్నాననుకుంటాను. తీరా ఇంటికొచ్చి చూస్తే నడుము సన్నగా, పొట్ట చదునుగా, ఎవరో పోస్టర్ మీది మనిషిలా ఉంటుంది. ఎందుకిలా? అలాగే బొగ్గు రాలకుండా కొట్టే స్ప్రే వాసనకు అత్తగారికి ఆయాసం వస్తోంది. దానికేమైనా దారి ఉందా?

జవాబు:

అమ్మా,

‘మరో చిన్న మాట’ అని చివర్లో రాసిన ప్రశ్నే నాకు మీ ఉత్తరంలో పెద్దదిగా కనిపించింది. మీ మాస్టారి మాటకు జవాబు దొరికితే మీ అత్తగారికి చెప్పాల్సిన జవాబు కూడా అందులోనే దొరుకుతుందని నా నమ్మకం. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా బొమ్మలు నేర్పాను. అంతకుముందు నేను నేర్చుకునే రోజుల్లో, మొదటిసారి లైఫ్ క్లాసులో కూర్చున్న రోజు ఇప్పటికీ కళ్ళ ముందుంది. డిసెంబరు నెల. సిమెంటు గచ్చు మీద ఒక గోనెపట్టా పరిచి మోడల్‌గా వచ్చినామెను కూర్చోబెట్టారు. కిటికీలు మూయలేదు. మంచినీళ్ళు కావాలా అని అడిగినవాళ్ళు లేరు, నేను కూడా అడగలేదు. మూడు గంటలు ఒళ్ళు మరిచిపోయి గీశాను. టీ వేళకి ఆమె చీర చుట్టుకుని ఒక్కో ఈజిల్ దగ్గరికీ వచ్చి చూస్తోంది. నా బొమ్మ ముందు ఆగి, తన నడుము చూపిస్తూ, ‘ఈ బొందు గుర్తు తియ్యలేదేమ్మా?’ అని అడిగింది.

అప్పుడు చూశాను. లంగా బొందు ఏళ్ళ తరబడి బిగించి కట్టిన చోట, రెండు వేళ్ళ వెడల్పున చర్మం నల్లబడి, గరుకెక్కి, నడుము చుట్టూ పట్టీలా ఉంది. కుడివైపు ముడి పడే చోట మరింత నలుపు. మూడు గంటలు ఆమెనే చూస్తూ కూర్చున్నాను, ఆ పట్టీ నా కంటికి ఆనలేదు. నా కాగితం మీద ఉన్న నడుము అంతకుముందు ఏడాది మాతో గీయించిన ప్లాస్టర్ వీనస్ బొమ్మది. ఆ నునుపూ ఆ వంపూ అక్కడివే. ఆమె నన్ను తప్పు పట్టలేదు, మామూలుగా అడిగింది. నాకు మాత్రం ఆ ప్రశ్న ఇంకా వదల్లేదు.

మీ చెయ్యి చేస్తున్న పని కూడా ఇదే. కన్ను ఒకసారి చూసి పక్కకు తిరగగానే చెయ్యి తనకు తెలిసిన బొమ్మను గీసేస్తుంది. ఆడమనిషి ఒళ్ళు అనగానే మన చేతికి తెలిసిన బొమ్మలు ఏమున్నాయి? క్యాలెండర్లు, చీరల ప్రకటనలు, పోస్టర్లు. వీటితో పాటు ఇంకొకటి ఉందనుకుంటాను, చనువు తీసుకుని చెబుతున్నాను. ఫొటో తీస్తున్నారంటే మనం ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాం. మన ఒంటితో మనకున్న ఆ అలవాటునే ఆమె ఒంటి మీద కూడా వాడుతున్నారేమో చూసుకోండి. మీకూ ఆమెకూ ఇంచుమించు ఒకే వయసు. ఆమె అక్కడ ఊపిరి వదిలేసి, పొట్టను దాని మానాన వదిలేసి కూర్చుంది. మీరు గీసేటప్పుడు ఆమె తరఫున మీరు లోపలికి లాగుతున్నారు.

దీనికి మందు బొగ్గులోనే ఉంది. ముందు ఒంటి రంగు సంగతి చెబుతాను, ఎందుకంటే మన దగ్గర చాలామంది అక్కడే తప్పిపోతారు. మనం చూసి నేర్చుకున్న చార్‌కోల్ నగ్న చిత్రాలు ఎక్కువగా ఐరోపావి. వాటిలో వెలుగు పడిన చోట కాగితాన్ని తెల్లగా వదిలేస్తారు, నీడ వైపు మాత్రమే బొగ్గు పూస్తారు. తెల్లటి ఒంటికి అది చెల్లుతుంది. చామనఛాయ మనిషిని కూర్చోబెట్టుకుని అదే పద్ధతిలో గీస్తే కాగితం మీద తెల్ల మనిషి వస్తుంది. మీ మాస్టారు ‘ఈ గదిలో లేదు’ అన్నదాంట్లో సగం ఇదే అయి ఉండొచ్చు. వచ్చే ఆదివారం ఇలా చేయండి. గీత పెట్టకముందే మెత్తటి విల్లో బొగ్గును అడ్డంగా పట్టుకుని కాగితమంతా రుద్దండి. అరచేత్తోనో పాత నూలు గుడ్డతోనో సమంగా అద్దితే మబ్బు రంగు వస్తుంది. ఆ మబ్బే ఆమె ఒంటి రంగు. ఇక వెలుగును రబ్బరుతో పైకి తీయాలి. ముద్దలా నలిగే రబ్బరు ఉంటుంది కదా, దాన్ని చివర సన్నగా చేసి అద్దండి, రుద్దకండి. నల్లటి ఒంటి మీద వెలుగు పెద్ద మేర పరుచుకోదు. మెడ ఎముక మీద, భుజం గుండు మీద, మోకాలి చిప్ప మీద, కాలి ముందెముక మీద చిన్న చిన్న మెరుపులుగా నిలుస్తుంది. ఆ మెరుపులకీ చుట్టూ ఉన్న మబ్బుకీ మధ్య తేడా గట్టిగా ఉంటుంది. మిగతా ఒళ్ళంతా దగ్గర దగ్గర ఛాయల్లో మెల్లగా మారుతుంది. ఈ మార్పును పట్టుకోవడానికి బొగ్గును మించిన వస్తువు నాకు తెలీదు. పెన్సిలైతే గీతలు గీతలుగా చేరాలి. బొగ్గు పొడిలా పరుచుకుంటుంది, చెరిపినా తన మరక వదిలే పోతుంది.

కడ్డీలు రెండు రకాలని మీకు తెలిసే ఉంటుంది. సన్నటి కొమ్మల్ని గాలి తగలకుండా కాల్చి చేసిన మెత్తటి బొగ్గు ఒకటి, బొగ్గుపొడిని జిగురుతో కలిపి నొక్కి చేసిన గట్టి కడ్డీ రెండోది. మొదటిది గుడ్డతో తుడిస్తే పోతుంది, రెండోది ఒకసారి కాగితానికి అంటితే పూర్తిగా వదలదు. అందుకే గట్టి కడ్డీని మొదటి గంట ముట్టుకోవద్దు. చివర్లో, ఒళ్ళు ఎక్కడ బరువు ఆనించిందో అక్కడ మాత్రమే వాడండి.

బరువు అన్నాను కదా, అసలు కీలకం అక్కడే ఉంది. మొదట చుట్టూ గీత గీసేసి తర్వాత లోపల నింపుకుంటూ వస్తే మనిషి కత్తిరించి అతికించిన కాగితంలా ఉంటుంది. ఆమె స్టూలు మీద కూర్చుంటే ముందు ఏం జరుగుతోంది చూడండి. తొడ కింది కండ స్టూలు అంచు దగ్గర చదునై పక్కకు పొంగుతుంది. పిరుదులు పరుచుకుంటాయి. వెన్ను కొద్దిగా వంగుతుంది, అందువల్ల బొడ్డు కింద పొట్ట మడత పడుతుంది. ఆ మడతకు పైన వెలుగు మెల్లగా కరుగుతుంది, కింద నీడ ఒక్కసారిగా మొదలవుతుంది. పైది మెత్తటి అంచు, కిందిది గట్టి అంచు. ఈ రెంటినీ వేరు చేసి చూపించగలిగితే ఆ పొట్ట ఒక బిడ్డను మోసిందో ఇద్దరిని మోసిందో చూసేవారికి అనిపించేలా ఉంటుంది. మీరు చదును చేసేసిన చోట నిజానికి గీయడానికి అన్నిటికంటే ఎక్కువ సరుకుంది. వక్షోజాల సంగతీ అంతే. రెండు గుండ్రాలు ముందు గీసుకుని తర్వాత వాటికి నీడ పెడతారు చాలామంది. అవి పక్కటెముకల గూడు మీద వేలాడే బరువులు. చెయ్యి పైకెత్తితే ఆ వైపుది పైకి సాగుతుంది. వెల్లకిలా పడుకుంటే రెండూ పక్కలకు జారిపోతాయి. ముందు గూడును గీయండి, తర్వాత దాని మీద బరువు.

ఆమె నిలబడి ఉంటే కంఠం కింది గుంట దగ్గర నుంచి దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీసినట్టు ఊహించుకోండి. ఒంటికాలి మీద భారం వేసి నిలబడితే ఆ దారం ఆ కాలి చీలమండ దగ్గరికే వస్తుంది. ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. నీళ్ళ బిందె చంకన పెట్టుకున్న మనిషిని తలచుకుంటే మీకు ఇది పాఠం అక్కర్లేకుండానే అర్థమవుతుంది.

ఇక, ఒంటిని ఉన్నట్టు చూసిన వాళ్ళ గురించి కొంచెం చెప్పాలి. సుజాన్ వాలదాన్ పేరు మీరు వినే ఉండొచ్చు. 1865లో ఫ్రాన్స్‌లో ఒక బట్టలు ఉతికే పేదరాలికి పుట్టింది. చిన్న వయసులో సర్కస్‌లో చేరి, కిందపడి దెబ్బ తగలడంతో ఆ పని పోయి, పారిస్ చిత్రకారుల దగ్గర మోడల్‌గా కుదిరింది. రెన్వార్ 1883లో వేసిన బూజివాల్ నాట్యం బొమ్మలో ఉన్న అమ్మాయి ఆమే. కూర్చున్నంత సేపూ వాళ్ళు ఎలా గీస్తున్నారో చూసి నేర్చుకుంది. తను గీసినవి మరో పెద్ద చిత్రకారుడు దెగాకు చూపిస్తే ఆయన మెచ్చుకుని కొన్నాడు, చివరిదాకా అండగా నిలిచాడు. ఆమె గీసిన స్త్రీలు తొట్టెలోకి దిగుతూ, కాలు తుడుచుకుంటూ, పనిమనిషి సాయంతో ఒళ్ళు తోముకుంటూ ఉంటారు. గీత మొరటుగా, గట్టిగా ఉంటుంది. ఎవరూ మనకోసం నిలబడినట్టు ఉండరు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే మెడ ఎక్కడ పట్టేస్తుందో, కాలు ఎప్పుడు తిమ్మిరెక్కుతుందో తెలిసిన చెయ్యి అది. అరవై ఐదేళ్ళు దాటాక 1931లో తన బొమ్మ తనే రొమ్ము కప్పుకోకుండా వేసుకుంది. జారిన చర్మం, బిగిసిన పెదవులు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే.

దెగా కూడా ఇవే స్నానాల దృశ్యాల్ని ఏళ్ళ తరబడి బొగ్గుతో గీశాడు. చూపు మందగించాక బొగ్గు మరీ వాడాడు. ఒకే భంగిమను పలుచటి ట్రేసింగ్ కాగితం మీద తీసి, మళ్ళీ సరిదిద్ది, మళ్ళీ తీసేవాడు. ఆయన చేతి పట్టుకు నేను దణ్ణం పెడతాను. అయినా ఇద్దరి బొమ్మల్నీ పక్కపక్కన పెడితే నేను వాలదాన్ దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

మీరు ఆదివారాలు ఆ గదిలోకి మామూలుగా నడిచి వెళ్తున్నారు కదా, ఆ తలుపు ఆడవాళ్ళకు తెరుచుకుని ఎంతో కాలం కాలేదు. లండన్‌లోని చిత్రకళా విద్యాలయం రాయల్ అకాడమీ తన విద్యార్థినుల్ని లైఫ్ క్లాసులోకి రానిచ్చింది 1893లో, అదీ మోడల్ ఒంటి మీద కొంత గుడ్డ కప్పి. పారిస్‌లోని కళాశాల ఎకోల్ దె బోజార్ అసలు ఆడపిల్లల్ని చేర్చుకోవడమే 1897లో మొదలుపెట్టింది. ఒళ్ళు గీయడం రాకపోతే పెద్ద చిత్రాలు వేసే అర్హత లేదనేవారు, ఒళ్ళు చూసి నేర్చుకునే గదిలోకి మాత్రం రానిచ్చేవారు కాదు. అందువల్ల వందల ఏళ్ళపాటు ఆడమనిషి నగ్న దేహం ఎలా ఉంటుందో ప్రపంచానికి చెప్పింది దాదాపు అంతా మగవాళ్ళే. మన చేతికి అలవాటైన ఆ నునుపు ఎక్కడి నుంచి వచ్చిందో ఇందులో కొంత జవాబుంది.

మన చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1929లో పదహారేళ్ళ వయసులో పారిస్ వెళ్ళేనాటికి ఆ తలుపులు తెరుచుకున్నాయి. అక్కడ ఆమె మోడళ్ళను కూర్చోబెట్టుకుని బొగ్గుతో ఎన్నో నగ్న చిత్రాలు గీసింది. 1933లో ‘వృత్తి మోడల్’ అని ఒక తైలవర్ణ చిత్రం వేసింది. అలసిన మనిషి, వాలిన భుజాలు, జారిన రొమ్ములు, ఎటో చూస్తున్న కళ్ళు. చూసేవాళ్ళను మెప్పించే పని ఆ మోడల్‌కు ఆమె అప్పగించలేదు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళ అమ్మాయి అంత ఓర్పుగా ఎలా చూడగలిగిందా అని నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

ఇక మీ మొదటి ప్రశ్న. తప్పా, మానేయాలా అన్నారు. తప్పు కాదు. మానేయొద్దు.

ఇలాంటప్పుడు చాలామంది ‘మన గుళ్ళ మీద లేవా? రామప్ప గుడి మదనికలు లేరా?’ అని వాదిస్తారు. మీ అత్తగారితో ఆ వాదన పెట్టుకోవద్దని నా సలహా. మదనికలంటే నాకు ప్రాణం. కానీ ఆ నల్లరాతి నాగిని ఎవరింటి బిడ్డో మనకు తెలీదు, ఆమెకు చలి వేయదు, సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోవాల్సిన పని లేదు. మీరు గీస్తున్నది బతికున్న ఒక మనిషిని. ఆ తేడా మీ అత్తగారికి మనకంటే ముందే తట్టి ఉండొచ్చు. రెండు రోజులు ఎందుకు మాట్లాడలేదో అడిగారా? ‘ఛీ, ఇదేం బొమ్మ’ అనే కోపమే అనుకుంటున్నారు మీరు. ‘ఎవరి బిడ్డో, ఎందుకలా కూర్చోవలసి వచ్చిందో’ అన్న బాధ కూడా అయి ఉండొచ్చు. అదే అయితే ఆవిడ అడిగింది సరైన ప్రశ్న, దానికి మీ దగ్గర జవాబు ఉండాలి.

జవాబు ఉందో లేదో మీరు స్టూడియోలో చూసుకోవాలి. ఆమె బట్టలు మార్చుకోవడానికి గడియపెట్టుకునే చోటుందా? విరామంలో కప్పుకోవడానికి ఏదైనా ఇస్తున్నారా? ఇరవై నిమిషాలకోసారి లేచి కాళ్ళు సాచుకోనిస్తున్నారా? భంగిమ మళ్ళీ దొరకడానికి పాదాల చుట్టూ నేల మీద టేపు అంటిస్తే చాలు, ‘కదలొద్దు’ అని కేకలు వేయనక్కర్లేదు. భంగిమ సరిచేయాలంటే నోటితో చెప్పాలి, చెయ్యి వేయకూడదు. ఫోన్లు సంచుల్లోనే ఉండాలి. డబ్బు ముందే మాట్లాడుకుని అదే రోజు ఇవ్వాలి, ఆమె వచ్చాక క్లాసు రద్దయినా ఇవ్వాలి. వీటిలో ఏది లేకపోయినా మీరే అడగండి. విద్యార్థులు అడిగితే జరుగుతుంది. నేను చదువుకున్న రోజుల్లో ఆ కిటికీలు మూయమని అడగడానికి నాకు నోరు రాలేదు. మీరు అడగండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, బొమ్మ మీదే, ముఖం ఆమెది. ఆమె కూర్చోవడానికి ఒప్పుకుంది గనక ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికీ ఒప్పుకున్నట్టే అనుకోకూడదు. పెట్టాలంటే విడిగా అడగాలి, ప్రదర్శనలో పెడితే మళ్ళీ అడగాలి. ఆమె వాడకట్టులో ఎవరైనా చూసి గుర్తుపడితే మాట పడేది ఆమె. అడగడానికి మొహమాటమైతే ముఖం గీయకుండా వీపు వైపు నుంచి గీసినవి మాత్రమే బయటపెట్టండి.

చట్టం గురించి మీరు అడగలేదు గానీ మీ వారికి లోపల ఆ టెన్షన్ ఉండొచ్చని రెండు మాటలు రాస్తున్నాను. అశ్లీలతకు సంబంధించిన పాత ఐపీసీ 292వ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 294వ సెక్షన్ అయింది. అది అమ్మకం, పంపిణీ, బహిరంగ ప్రదర్శన లాంటి వాటి గురించి. కళ కోసం, విద్య కోసం చేసిన వాటికి అందులోనే మినహాయింపు ఉంది. అక్బర్ పదంసీ అని గొప్ప చిత్రకారుడు, బొగ్గుతో ఎన్నో నగ్న చిత్రాలు గీశారు. 1954లో ఆయన ‘ప్రేమికులు’ చిత్రం మీద బొంబాయిలో అశ్లీలత కేసు పెట్టారు. తీయమంటే తీయలేదు, కోర్టులో గెలిచారు. ఆయన 2020లో పోయారు. ఆ తర్వాత ఎఫ్.ఎన్. సూజా అనే మరో చిత్రకారుడివీ, పదంసీవీ నగ్న చిత్రాలు ఏడు విదేశాల నుంచి వస్తే ముంబై కస్టమ్స్ వాళ్ళు అశ్లీలమని పట్టుకున్నారు. 2024 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి బొమ్మలు వదిలిపెట్టమంది. నగ్నంగా ఉన్న ప్రతి చిత్రమూ అశ్లీలం కాదని తేల్చింది. ఇంట్లో మీరు గీసుకునే బొమ్మల విషయంలో మీ వారు నిశ్చింతగా ఉండొచ్చు.

అత్తగారితో ఎలా మాట్లాడాలంటే, నేనైతే ఒక సాయంత్రం ఆవిడ తీరిగ్గా ఉన్నప్పుడు పక్కన కూర్చుని ఒకే ఒక బొమ్మ చూపిస్తాను. వీపు గీసింది గానీ, కూర్చుని మోకాళ్ళ మీద చేతులు వేసుకున్నది గానీ. కళ గురించి ఉపన్యాసం ఇవ్వను. ‘ఈమె నలభై దాటిన మనిషి అత్తయ్యా, ఇష్టపడే వస్తుంది, మేం మర్యాదగా చూసుకుంటాం, డబ్బిస్తాం’ అని చెప్పి ఊరుకుంటాను. ఆవిడకు నచ్చకపోవచ్చు. నచ్చి తీరాలని కూడా లేదు. ఆవిడ కంటపడేలా హాల్లో పెట్టకుండా ఉండటం మీ మర్యాద, మిమ్మల్ని ఆదివారం వెళ్ళనివ్వడం ఆవిడ మర్యాద. మీ వారు చెట్లూ కొండలూ వేయమన్నారు కదా. ఆయన్ని ఒక గంట కదలకుండా కూర్చోమని, పంచె కట్టుతో సరే, ఆయన వీపూ భుజాలూ గీయండి. ఒక మనిషి మరొక మనిషిని గంటసేపు తేరిపార చూడటంలో ఎంత శ్రద్ధ ఉంటుందో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

బాబు విషయంలో దాపరికం వద్దు. దాస్తే అవి దాచాల్సిన బొమ్మలని వాడికి మీరే నేర్పినట్టవుతుంది. పదిహేనేళ్ళ పిల్లవాడు ఫోన్‌లో చూసే అవకాశమున్న ఆడవాళ్ళ బొమ్మలతో పోలిస్తే, అమ్మ గీసిన ఒక నడివయసు మనిషి పొట్ట మడత వాడికి మేలే చేస్తుంది. అడిగితే సూటిగా చెప్పండి. ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టండి. ఆ బొమ్మల ఫొటో తీసి స్నేహితులకు పంపకూడదు, ఎందుకంటే అందులో ఉన్నావిడను మనం అడగలేదు. ఆ మాట వాడికి ఇంకా చాలా చోట్ల పనికొస్తుంది.

మీ చేతి అలవాటు పోవడానికి ఒక అభ్యాసం చెబుతాను. ఇష్టమైతేనే చేయండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు గది గడియ పెట్టుకుని నిలువుటద్దం ముందు కూర్చుని మిమ్మల్ని మీరు గీసుకోండి. ఎవరికీ చూపించనక్కర్లేదు. జర్మనీలో కాథే కోల్విట్జ్ అని ఒక మహా చిత్రకారిణి ఉండేది. 1903లో చనిపోయిన బిడ్డను ఒడిలోకి లాక్కున్న నగ్నమైన తల్లి బొమ్మ చేసింది, లోహపు పలక మీద చెక్కి అచ్చు తీసింది. దానికి మోడల్ ఆమే. ఏడేళ్ళ కొడుకు పీటర్‌ను చేతుల మీద పట్టుకుని అద్దంలో చూస్తూ గీసింది. బరువుకు ఆమె మూలిగితే, బాగా వస్తుంది బాధపడకమ్మా అన్నట్టు ఆ పిల్లవాడే ఓదార్చాడట. 1914లో ఆ పీటర్ యుద్ధంలో నిజంగానే చనిపోయాడు. ఆ బొమ్మలో తల్లి ఒళ్ళు ఏ పోస్టర్ మీది ఒళ్ళులానూ ఉండదు. వంగిన వీపు, మడిచిన కాలు, బిడ్డ ఛాతీలోకి దూరిపోయిన ముఖం. ఆడమనిషి నగ్న చిత్రం అనగానే కోరిక ఒక్కటే గుర్తొచ్చేవాళ్ళకి నేను ముందు ఈ బొమ్మ చూపిస్తాను. మన కాలంలో ఇంగ్లండుకు చెందిన జెనీ సావిల్ కూడా బిడ్డల్ని ఎత్తుకున్న తల్లి దేహాన్ని బొగ్గుతో పెద్ద పెద్ద కాగితాల మీద గీస్తోంది. పిల్లలు కదులుతూనే ఉంటారు కదా, అందుకని ముందు గీసిన గీతను చెరపకుండా దాని మీదే కొత్త గీత వేస్తుంది. ఒకే బిడ్డకు మూడు కాళ్ళున్నట్టు కనిపిస్తుంది, బిడ్డ మాత్రం కదులుతున్నట్టే ఉంటుంది. మీరూ తప్పు గీతల్ని పూర్తిగా చెరపకండి. మొదట సన్నగా గీసిన నడుము మరక అలాగే ఉండనిచ్చి దాని పక్కనే సరైన నడుము గీయండి. మీ కన్ను ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో కాగితమే చెబుతుంది.

ఇక స్ప్రే. ఆ ఫిక్సేటివ్‌లలో ఘాటైన ద్రావకాలుంటాయి. ఆయాసం ఉన్న మనిషి ఉన్న ఇంట్లో, బాల్కనీలో కూడా కొట్టొద్దు. డాబా మీదికి తీసుకెళ్ళి, గాలికి ఎదురు నిలబడకుండా, జానెడున్నర దూరం నుంచి పలుచగా రెండుసార్లు కొట్టి, వాసన పూర్తిగా పోయాకే కిందికి తేండి. పూర్వం కొందరు వెన్న తీసిన పాలు చల్లేవారు గానీ మన వానాకాలంలో బూజు పడుతుందని నా భయం. అసలు అన్నిటికీ కొట్టనక్కర్లేదు. బొమ్మకూ బొమ్మకూ మధ్య బటర్ పేపర్ పెట్టి, రెండు గట్టి అట్టల మధ్య పడుకోబెట్టి, రాపిడి లేకుండా ఉంచితే ఏళ్ళ తరబడి ఉంటాయి. ఫ్రేము కట్టించేటప్పుడు మాత్రం గాజే వేయించండి, ప్లాస్టిక్ అద్దం బొగ్గు పొడిని లాగేస్తుంది. గీశాక పొడిని నోటితో ఊదకండి, కాగితాన్ని వంచి తట్టి, నేలను తడిగుడ్డతో తుడవండి. అత్తగారికీ మీకూ ఊపిరితిత్తులకు మంచిది.

బీరువా వెనక నుంచి మాత్రం తీసేయండి. ఆ గోడ చెమ్మకు కాగితం పాడవుతుంది. ప్రతి షీటు వెనక పెన్సిల్‌తో తేదీ రాయండి, ఆమె సరేనంటే ఆమె పేరు కూడా.